ర్యాంపు మీద క్లచ్ పిన్ని

ఆ కార్ల షోరూము సర్వీసు సెంటరులోకి బండ్లు ఎక్కే ర్యాంపు ఒక్కటే. లోపలికి పోవాలన్నా బయటికి రావాలన్నా అదే దారి. ఆ ఉదయం ఆ దారికి నట్టనడుమ ఒక పాత తెల్ల కారు ఆగింది. ఆగిపోలేదు, ఆపేశారు. హ్యాండ్‌బ్రేకు లాగి, తలుపులకు లోపలినుంచి లాక్ వేసుకుని, అద్దం రెండు వేళ్ల సందు మాత్రం దించి, స్టీరింగు ముందు కూర్చుంది క్లచ్ పిన్ని.

ఆమె డ్రైవింగు నేర్పుతుంది. కొత్తవాళ్లు బండి కదిలించినప్పుడల్లా "క్లచ్! క్లచ్ వదలకు తల్లీ!" అని ఆమె పెట్టే కేక వీధి చివర మేడ మీద బట్టలారేసేవాళ్లకు కూడా వినపడేది. ఆ పేరు పిల్లలు పెట్టారు, పెద్దలు ఖాయం చేశారు. ఆమె తండ్రి లారీ డ్రైవరు. కాళ్లు పెడళ్లకు అందీ అందని వయసులో, వీపు వెనక దిండు పెట్టి కూతురికి లారీ నేర్పాడు. పెళ్లయ్యాక ఆమె మందుల గోదాములో పెట్టెలు కట్టింది. భర్త కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీస్తాడు. ఆడవాళ్లకు ఆడమనిషే బండి నేర్పితే నాలుగు ఇళ్లవాళ్లు ధైర్యంగా పంపుతారని లెక్క వేసుకుని, ఉద్యోగం మానేసి, చేతికందే ధరలో దొరికిన ఈ కొరియా కారు కొన్నది.

అప్పట్లో ఆ కంపెనీ అంటే అందరికీ నవ్వే, దాని కారును అగ్గిపెట్టె అనేవాళ్లు. బావగారు, అంటే భర్తకు అన్నగారు, చూడటానికి వచ్చి బండి చుట్టూ తిరిగి బానెట్టు మీద వేలితో కొట్టారు.

"కొరియావాళ్లు టీవీలు బాగా చేస్తారు. ఇది టీవీయా, కారా? రిమోట్ ఇచ్చారా అమ్మా?"

"ఇచ్చారు బావగారూ. మీ నోటికి పనిచేస్తుందేమో చూస్తాను" అన్నది పిన్ని.

బండి మాత్రం మాట పడలేదు. నేర్చుకునేవాళ్ల చేతిలో కారు బతుకు కుక్క చింపిన విస్తరి. గేర్లు పళ్లు నూరేవి, క్లచ్ కాలి కంపుకొట్టేది, ప్రతి గోడా దాని పక్కటెముకలు గీకేది. అయినా పొద్దున్నే తాళం తిప్పితే పలికేది. కూతురికి ఎవరైనా వంక పెడితే తల్లి ఎలా ఒంటికాలి మీద లేస్తుందో, ఆ బండిని అంటే ఆమె అలా లేచేది.

తర్వాత వంతెన మీది సంగతి జరిగింది.

స్టీరింగు ముందు కూర్చున్నది రెండు వీధుల అవతల కుట్టుషాపు నడిపే టైలరమ్మ. చేతి ఒడుపు ఉన్న మనిషి, తొందరగా నేర్చుకుంటోంది. ఎండ మండుతోంది. వంతెన ఎక్కుతూ సగంలో ఉండగా ఇంజను ఒక్కసారిగా నోరు మూసుకుంది. బండి వెనక్కి జారింది. పక్క సీట్లో ఉన్న పిన్ని, నేర్పేవాళ్ల కోసం తనవైపు విడిగా బిగించిన బ్రేకును రెండు కాళ్లతో తొక్కింది. ఇంజను ఆగితే బ్రేకు రాయిలా బిగుసుకుపోతుంది. వెనక వస్తున్న వ్యాను మీదికి కారు వెళ్లి పడింది. టైలరమ్మ కుడి మణికట్టు స్టీరింగు సందులో ఇరుక్కుని విరిగింది. కత్తెర పట్టే చెయ్యి అది.

షోరూమువాళ్లు కారును తమ దగ్గర ఉంచుకుని చూశారు. అప్పుడు సర్వీసు కౌంటరులో ఉన్న మనిషి, నవ్వు చెరగని మనిషి, ఆమెకు తాళాలు ఇస్తూ నలుగురూ వినేలా చెప్పాడు.

"నేనే స్వయంగా నడిపి చూశాను మేడమ్. ఎక్కడా ఆగలేదు. బండి బంగారం. మీరు బ్రేకు ఆలస్యంగా తొక్కి ఉంటారు. నేర్పేవాళ్లకు కూడా ఒక్కోసారి పరధ్యానం ఉంటుంది కదా."

ఆ మాట కారుకంటే ముందు వీధికి చేరింది. నేర్చుకునేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఒకామెకు మోకాలి నొప్పి వచ్చింది, ఒకామెకు అత్తగారు ఒప్పుకోలేదు, ఇంకొకామెకు అబద్ధం చెప్పే ఓపిక కూడా లేకపోయింది. అన్నిటికంటే గట్టి దెబ్బ ఇంట్లో తగిలింది. అన్నం తింటూ భర్త తల ఎత్తకుండా, "ఏమో, ఒకవేళ నిజంగానే నీ కాలు..." అన్నాడు. మాట పూర్తి చేయలేదు. పూర్తి చేసినా అంత మండేది కాదు.

టైలరమ్మ అయితే ఆమెను చూడగానే పక్క సందులోకి తిరిగిపోయేది. చెయ్యి విరగ్గొట్టినదాని మొహం ఎవరు చూస్తారని పిన్ని కూడా వెంటపడలేదు. కుట్టుషాపు ముందు నుంచి వెళ్లాల్సి వస్తే హారను కూడా కొట్టకుండా దాటిపోయేది.

పొద్దునా సాయంత్రం నర్సులను ఆసుపత్రికి చేరవేస్తూ, వచ్చిన ఒకరిద్దరికి నేర్పుతూ ఆమె నెట్టుకొచ్చింది. ఎండలు ముదిరినప్పుడల్లా ఇంజను మళ్లీ ఆగేది, అదీ ఆమె ఒక్కతే ఉన్నప్పుడు. షోరూముకు తీసుకెళ్లేసరికి గంగిగోవులా నిలబడేది. దెయ్యం ఎవరికి కనపడితే వాళ్లే పిచ్చివాళ్లు.

ఈలోపు కంపెనీ దశ తిరిగింది. ఎవరూ ఇవ్వనన్నేళ్లు గ్యారంటీ ఇచ్చింది. టాక్సీలన్నీ అవే అయ్యాయి. అగ్గిపెట్టె అన్నవాళ్లే ముందుగా బుక్ చేసుకుని నెలలు ఎదురుచూశారు. బావగారు ఆ కంపెనీవే పెద్ద బండి కొని, "నేను మొదటి నుంచీ చెప్తూనే ఉన్నాను" అనడం మొదలుపెట్టారు. ఆయన మొదటి నుంచీ ఏం చెప్పారో గుర్తున్నవాళ్లు మర్యాదకు ఊరుకున్నారు.

ఒకరోజు ఆయనే ఫోను చేశారు. గొంతులో పండగ.

"చూశావా అమ్మా? టీవీలో అంతా అదే. తన పాత బండ్లలో తప్పుందని కంపెనీయే ఒప్పుకుంది. ఉచితంగా మారుస్తుందట. ఇంకెవడైనా అయితే నోరు మెదిపేవాడా? అందరూ ఒకటే మెచ్చుకోలు!"

"ఏం తప్పంట బావగారూ?"

"ఏదో సెన్సరులే. వేడెక్కితే ఇంజను నడుస్తూ నడుస్తూ ఆగిపోతుందట. నీ మోడలే."

పిన్ని ఫోను బల్ల మీద పెట్టింది. అందులోంచి బావగారు ఇంకా కంపెనీని పొగుడుతూనే ఉన్నారు.

మర్నాడు పొద్దున్నే ఆమె ర్యాంపు ఎక్కింది.

పాత కౌంటరు మనిషి ఇప్పుడు షోరూముకంతటికీ మేనేజరు. నవ్వు మాత్రం పాతదే. కారు దగ్గరికి వచ్చి అద్దం సందులోంచి పలకరించాడు.

"రండి మేడమ్, రండి. సెన్సరు కోసమేగా? అరగంట పని. బండి కొంచెం లోపలికి తీసుకుంటే..."

"సెన్సరు తర్వాత. ముందు టైలరమ్మకు ఫోను చెయ్యి. ఆ రోజు తప్పు బండిదని, నాది కాదని, నీ నోటితో చెప్పు. ఇక్కడ, అందరూ వినేలా. అప్పుడు తీస్తాను."

"అయ్యో, పాత విషయాలు ఇప్పుడెందుకు మేడమ్? కంపెనీ ఎంత మారిపోయిందో చూడండి."

"కంపెనీ మారింది. పేపర్లో చదివాను. నువ్వు మారావా?"

ర్యాంపు కింద బండ్లు వరస కట్టాయి. హారన్లు మొదలయ్యాయి. లోపల పని అయిపోయి తాళాలు చేతిలో పెట్టుకున్నవాళ్లు బయటికి రాలేక విసుక్కుంటున్నారు. ఒక టాక్సీ డ్రైవరు చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చాడు.

"ఏంటమ్మా ఇది? మాకు బేరాలు పోతున్నాయి!"

"నాకు పేరు పోయింది. ఏది ఖరీదు?" అని అద్దం సందులోంచి కథంతా చెప్పింది. సంగ్రహంగా చెప్పడం ఆమెకు చేతకాదు. వంతెన దగ్గరికి వచ్చేసరికి హారన్లు తగ్గాయి. టాక్సీ డ్రైవరు మేనేజరు వైపు తిరిగాడు.

"నా బండి లోకమంతా చుట్టొచ్చినంత తిరిగింది, ఇంజను విప్పలేదు. వంక పెట్టను. కానీ సారూ, మీ కౌంటరుకొస్తే మాత్రం తప్పెప్పుడూ డ్రైవరుదే. పోయినసారి టైరు పేలితే, నేను బరువున్నానన్నారు!"

"కాస్త ఉన్నావులే నాయనా" అన్నాడు వరసలో ఉన్న ఒక రిటైరైన లెక్కల మాస్టారు. "అది వేరే సంగతి. అమ్మా, నేనీ కంపెనీ కారు కొన్నప్పుడు మా అల్లుడు అందులో ఎక్కనన్నాడు. ఇప్పుడు తాళం అడిగి మరీ పట్టుకుపోతున్నాడు. బండికి పరువొచ్చింది, సంతోషం. నీ పరువు నీకివ్వడానికి ఈయనకేం నొప్పి?"

మేనేజరు పక్కకెళ్లి పిన్ని భర్తకు ఫోను చేశాడు. ఆయన కళ్లజోళ్ల షాపులోంచి స్కూటరు మీద వచ్చాడు. చేతులకు ఇంకా అద్దాల పొడి ఉంది.

"ఏమే, దిగు. నలుగురిలో ఏమిటిది?"

"నలుగురిలోనే కదండీ నన్నన్నారు. మీరు ఏ పక్క?"

ఆయన స్కూటరు తోసుకెళ్లి కారు వెనక అడ్డంగా పెట్టి, దాని మీద కూర్చున్నాడు. మాస్టారు చప్పట్లు కొట్టాడు. పిన్ని అద్దంలో చూసింది. మెత్తబడలేదు. ఇప్పుడా, అనుకుంది.

మేనేజరు ఎటు చూసినా జనం. ఇద్దరు ముగ్గురు ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు. చివరికి టైలరమ్మ నంబరు నొక్కి, స్పీకరు పెట్టాడు. అవతల కుట్టుమిషను చప్పుడు.

"అమ్మా, షోరూము నుంచి. అప్పుడు వంతెన మీద మీకు... అది బండిలో లోపమేనని ఇప్పుడు తేలింది. నేర్పిన మేడమ్ పొరపాటు కాదు."

మిషను ఆగింది.

"ఆవిడ పొరపాటని వీధి అన్నది. మీరు నాతో అన్నది అది కాదుగా?" అన్నది టైలరమ్మ. "మా ఇంటికొచ్చి నా కాలే జారిందన్నది మీరే కదా? క్లచ్ నేనే వదిలేశానన్నారు. గొడవ పెట్టుకుంటే కేసు నామీదికే తిరుగుతుందన్నారు. నావల్ల ఆవిడ బతుకుదెరువు పోయిందని, ఇన్నేళ్లూ ఆవిడకు మొహం చూపించలేక సందుల్లో తిరుగుతున్నాను."

మేనేజరు ఫోను కట్టేయబోయాడు. టాక్సీ డ్రైవరు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

పిన్ని లాక్ తీసి కిందికి దిగింది. పొద్దుటి నుంచి అరిచిన మనిషి, ఇప్పుడు గొంతు దించింది. అది విని భర్త స్కూటరు మీంచి లేచి నిలబడ్డాడు.

"నాకొకటి చెప్పి, ఆమెకొకటి చెప్పావా? ఒక్క అబద్ధం చాలలేదా, చెరొకటి కుట్టించావా?"

"అప్పట్లో కంపెనీ పేరు కొత్త కదా మేడమ్... పైనుంచి ఒత్తిడి..."

"పైనుంచా? కొరియా నుంచి విమానమెక్కి వచ్చి నీ చెవిలో ఊదారా? వాళ్లు వాళ్ల తప్పు ప్రపంచమంతా వినేలా ఒప్పుకున్నారు. అబద్ధం చెప్పడానికి ఆమె ఇంటిదాకా వెళ్లావు, నిజం చెప్పడానికి ఒక్క వంతెన దాటేందుకు నీకు కాళ్లు లేవు. ఎక్కు."

"ఎక్కడికి?"

"ఆమె దగ్గరికి. ఇది ఫోనులో తీరేది కాదు."

మాస్టారు కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. జనం మేనేజరు వెనక గోడ కట్టినట్టు నిలబడ్డారు. అతను ముందు సీటులో సగం కూర్చుని, ఏదో తట్టినట్టు ఆగాడు. మొదటిసారి నవ్వు పోయింది.

"మేడమ్, ఇంకా సెన్సరు మార్చలేదు. ఎండగా ఉంది. వంతెన మీద ఆగిపోతే?"

"ఆగదుగా. నువ్వే స్వయంగా నడిపి చూశావుగా."

భర్త స్కూటరు పక్కకు తీశాడు, వరసలో ఉన్నవాళ్లు బండ్లు జరిపి దారిచ్చారు. ఆమె బండి వెనక్కి తీసి రోడ్డెక్కించింది. వంతెన ఎక్కేటప్పుడు మేనేజరు తలుపు పిడిని రెండు చేతులా పట్టుకున్నాడు. నేర్పేవాళ్ల బ్రేకు తన కాళ్ల కిందే ఉందని తెలిశాక దాన్ని తొక్కేశాడు. బండి కుదుపుతో ఆగినంత పనైంది. వెనకవాడు హారను కొట్టాడు.

"కాలు తియ్యి" అన్నది పిన్ని రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఇందులో రోజూ మనుషులను ఎక్కించుకుని తిరుగుతున్నాను. నా పక్కన ఎవరు కూర్చున్నా ఈ భయం నేనొక్కదాన్నే పడ్డాను. ఒక్క వంతెనకే అంత అయిపోతే ఎలా?"

ఇంజను ఆగలేదు. ఆగుతుందేమోనని అతను పడిన అవస్థ మాత్రం అవతలి ఒడ్డు దాకా సాగింది.

టైలరమ్మ షాపు గుమ్మంలోనే నిలబడి ఉంది, మెడలో టేపు. ఇద్దరు ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, టెక్నికల్‌గా చూస్తే..."

"మామూలుగా చెప్పు" అన్నది పిన్ని.

"తప్పు బండిది. మీది కాదు. ఆవిడదీ కాదు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. చెప్పలేదు."

టైలరమ్మ కుడి చెయ్యి చాపి, మణికట్టు తిప్పి చూపించింది. సగమే తిరిగింది. "కోట్లు కుట్టడం మానేశాను. కాలరు దగ్గర చెయ్యి తిరగదు. నా కాలు చేసిన పనికి నా చెయ్యి అనుభవిస్తోందని, ఇంట్లో కూడా ఎవరికీ చెప్పుకోలేదు." అతన్ని కూర్చోమనలేదు. మంచినీళ్లు ఇవ్వలేదు.

కాసేపు నిలబడి, అతను నసిగాడు. "నన్ను షోరూము దగ్గర దింపుతారా మేడమ్?"

"నడు" అన్నది పిన్ని.

అతను నడిచాడు. ఆ పూట షాపులో ఒక్క కుట్టు కూడా పడలేదు. ఇద్దరూ కలిసి మేనేజరును తిట్టారు, టీవీని తిట్టారు, బావగారిని తిట్టారు, ముద్ద దిగకముందే అనుమానపడిన మొగుడిని తిట్టారు. అన్నీ అయ్యాక, ఇన్నేళ్లలో ఒక్కసారైనా వచ్చి తలుపు తట్టనందుకు ఒకరినొకరు తిట్టుకున్నారు. వాటిలో గట్టి తిట్లు ఆ చివరివే.