ముగ్గుపిండిలో బొంబాయి

నా చిన్నప్పుడు మా తాత బొంబాయిని మా ఇంటి వాకిట్లో ముగ్గుపిండితో గీయించాడు. ఊరంతా కాదు, ఒక్క గది. మాకు కావలసింది అంతవరకే.

మా చిన్నాయన బొంబాయిలో బట్టల మిల్లులో పనిచేసేవాడు. ఆయనకు కొడుకు పుట్టాడని కబురు వచ్చింది. మనవణ్ని చూడటానికి ఎండాకాలంలో బొంబాయి పోవాలని తాత నిశ్చయించాడు. వేములవాడ రాజన్నకు కోడెను కట్టి మొక్కు తీర్చుకుని వచ్చాక ప్రయాణమన్నాడు. అంతవరకు తేలికే. ఎవరెవరు పోవాలన్నది మాత్రం తెగలేదు. చిన్నాయనకు ఉన్నది ఒకే గది అని, అందులోనే వంట, అందులోనే నిద్ర అని విన్నాం. ఎంత గది అంటే ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. మా తాత పొలం గట్లను తాడుతో కొలిచిన మనిషి, మాటల కొలతను నమ్మడు. బొంబాయి నుంచి ఊరికి వచ్చేవాళ్ల చేతికి ఒక సుతిలి తాడు ఇచ్చి పంపమన్నాడు. గది పొడవుకు ఒక ముడి, వెడల్పుకు ఒక ముడి. తాడు వచ్చింది. దాన్ని చూసి మా బాపమ్మ, అంటే బాపు తల్లి, ఇది గదా, దూడను కట్టే పలుపా అని అడిగిందట.

తాడు పరిచి బాపమ్మ ముగ్గు వేసింది. గుమ్మం, పొయ్యి, నీళ్ల డ్రమ్ము, ఊయల, అన్నీ గీసింది. చిన్నాయన ఊళ్లో లేడు కాబట్టి ఆయన బదులు నిండు వడ్ల బస్తా ఒకటి, చిన్నమ్మ బదులు సగం బస్తా ఒకటి పడుకోబెట్టారు. మిగిలిన జాగాలో ప్రయాణం కట్టినవాళ్లు పడుకుని చూపించాలి. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. మా తాత ముఖంలో నవ్వు లేదు గనుక వాళ్లూ నవ్వలేదు.

తాత, బాపమ్మ పడుకున్నారు. మూడో మనిషి మా పెద్దవ్వ, అంటే మా పెద్దబాపు భార్య. బాలింతగా ఉన్న చిన్నమ్మకు సాయంగా ఆమెనే తీసుకుపోవాలని ముందే అనుకున్నారు. పెద్దవ్వ తల్లిగారిల్లు మంథని. చిన్నతనంలో ఆకు దొప్పలో దీపం పెట్టి గోదావరిలో వదిలేదట. ఆ దీపాలు ఎక్కడికి పోతాయని అడిగితే సముద్రానికని చెప్పారట. ఆ సముద్రాన్ని ఒక్కసారి చూడాలని ఆమెకు ఉండేది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, నాకు తప్ప. అన్నం కలిపి పెట్టేటప్పుడు మనుషులు పిల్లలకు ఏమైనా చెబుతారు, పిల్లలు లెక్కలోకి రారు గనుక.

నేను అప్పటికి అన్నం మీద అలిగి ఉన్నాను. బొంబాయి పోయేవాళ్లలో నేను లేను. గోడకు ఆనుకుని, ముగ్గులోని మనుషులను చూస్తూ, ఏడవకుండా ఉండటానికి శ్రమపడుతున్నాను. శ్రమ బాగా కనబడే విధంగానే పడుతున్నానని ఇప్పుడు అనిపిస్తుంది.

పెద్దవ్వ నా వైపు ఒకసారి చూసింది. తర్వాత తాతకు ఎడంగా వెల్లకిలా పడుకుని కాళ్లు చాపింది. పాదాలు గుమ్మం దాటి, ముగ్గు దాటి, బొంబాయి దాటి బయటికి వచ్చాయి.

“జర ముడుసుకొని పండుకో బిడ్డా,” అన్నాడు తాత.

“ముడుసుకుంటె నాకు నిద్ర రాదు మామా. పోరన్ని పండవెట్టి సూడుండ్రి, సరిగ్గ వడుతడు.”

నన్ను పడుకోబెట్టారు. సరిగ్గా పట్టాను. ఆ పూట మూడుసార్లు పెట్టించుకుని తిన్నాను.

బొంబాయిలో మొదటి రోజే తేలింది ఏమిటంటే, చిన్నాయనకు రాత్రి పాళీ. మేం పడుకునే వేళకు ఆయన మిల్లుకు పోయేవాడు. ఆయన జాగా నా పక్కనే ఖాళీగా ఉండేది. మా కొలతలో తప్పేమీ లేదు, వడ్ల బస్తాకు రాత్రి పాళీ ఉండదు, అంతే. తాత ఆ ఖాళీని చూసి, తాడు పంపమన్నాను గాని పాళీ ఏదని అడగలేదు అని మెల్లగా అన్నాడు. ఆ తర్వాత దాని మాట ఎత్తలేదు. సముద్రం దగ్గర కూడా ఆయన ఎక్కువసేపు నిలబడలేదు.

తిరిగి వచ్చాక పెద్దవ్వ అడిగింది, సముద్రం ఎట్లున్నదిరా అని. అవతలి ఒడ్డు లేదని చెప్పాను. “మరి దీపాలు ఏడ ఆగుతయిరా?” అంది. దీపాల కోసం చూడాలని నాకు తట్టనే లేదు. తర్వాత బడిలో భూగోళం చదివాక తెలిసింది, గోదావరి కలిసేది తూర్పు సముద్రంలో, మేం చూసింది పడమటి సముద్రం. ఈ మాట ఆమెకు చెప్పలేదు. ఒక సముద్రం పోగొట్టుకున్న మనిషికి అది అసలు ఆ సముద్రమే కాదని చెప్పడం ఓదార్పో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం, మంచినీళ్ల కోసం లోపలి ఇంట్లోకి పోయాను. వడ్ల గుమ్మికీ గోడకూ మధ్య, మడిచిన గొంగడి మీద పెద్దవ్వ నిద్రపోతోంది. మోకాళ్లు గడ్డానికి ఆనించి, చేతులు రెండూ పొట్టలో పెట్టుకుని, అలా ఉన్న మనిషి ఎంత జాగా తీసుకుంటుందో అంతే తీసుకుంది. ఆమె పక్కన ఇంకో ఇద్దరు పట్టేవారు. రోజూ అలాగే పడుకుంటుందని అప్పుడు గుర్తుకు వచ్చింది. రోజూ చూసేదే గనుక అంతవరకు చూడలేదు.

లేచాక అడిగాను, మరి ఆ రోజు వాకిట్లో కాళ్లెందుకు చాపావని.

“ఆ పొద్దు జర ఒళ్లు విరుసుకున్న బిడ్డా,” అని పొయ్యి దగ్గరికి పోయింది.

నేను చదువుకున్నాను, ఉద్యోగం వచ్చింది, జీతంతోపాటు సెలవులు కూడా ఇచ్చారు. పెద్దవ్వను తూర్పు సముద్రానికి తీసుకుపోవాలని ప్రతి ఎండాకాలం అనుకున్నాను. అనుకోవడంలో నాకు లోటు లేదు. ఆమె చనిపోయిన ఏడాది కూడా అనుకుంటూనే ఉన్నాను.

మొన్న మా మనవరాలు విశాఖపట్నం ప్రయాణం కట్టింది. ఫోనులో గదులు చూస్తూ ఎంతమందిమని అడిగింది. భైంసా నుంచి మా వియ్యపురాలు, కోడలి తల్లి, ముందే చెప్పేసిందట, తనకు సముద్రం గాలి పడదని, మమ్మల్ని సుఖంగా పోయి రమ్మని. ఆమె ఇంతవరకు సముద్రం చూడలేదు. చూడని సముద్రం గాలి పడదని ఎలా తెలిసిందని నేను అడగలేదు. ముందు ఆమెకు మంచం చూడు, మిగిలిన జాగాలో మనం సర్దుకుందాం అన్నాను. తాతయ్యా, గది చాలా పెద్దది అంది మనవరాలు. బస్తాలు వేసి చూశావా అని అడిగాను. పిల్లకు అర్థం కాలేదు.

మా ఇంట్లోనూ ఇప్పుడు మంచం పెద్దదే. ఇద్దరమే, బోలెడంత జాగా. అయినా నేను ముడుచుకునే పడుకుంటాను. వయసు వల్ల అనుకుని మా ఆవిడ దుప్పటి కప్పుతుంది. ఎప్పుడైనా నిద్రలో కాళ్లు చాచుకుంటే మెలకువ వచ్చేస్తుంది. పాదాలు ఏ ముగ్గు దాటాయో అని చూసుకుని, మళ్లీ దగ్గరికి లాక్కుంటాను.