ఇన్నయ్య పెట్రోలు పొదుపు

యుద్ధకాలంలో పెట్రోలుకు రేషను పెట్టినప్పుడు, నరసరావుపేట నుంచి గురజాలకు బస్సు నడిపే ఇన్నయ్యకు పొదుపు పిచ్చి పట్టుకుంది. నిదానంగా పోతే పెట్రోలు తక్కువ కాలుతుందని తెలుసుకున్నాక, ఒంటెద్దు బండి వెనక వస్తున్నా దారి ఇచ్చేవాడు. పల్లం వస్తే ఇంజను ఆపేసి, బస్సు దానంతటదే దొర్లుతుంటే ముసిముసిగా నవ్వుకునేవాడు.

ఒక వేసవిలో ఆ బస్సులో పెళ్లివారు ఎక్కారు. ముహూర్తం ఆ సాయంత్రమే, గురజాలలో. పిడుగురాళ్ల దాటేసరికే పొద్దు వాలింది. పెళ్లికొడుకు తల్లి నాగేంద్రమ్మకు ఓపిక నశించింది.

“ఒరేయ్ ఇన్నయ్యా, ఏందిరా ఈ నడక? ముహూర్తం దాటితే నా కొడుక్కి పిల్లనెవరిస్తారు?”

“ఉరికిస్తే పెట్రోలు చాలదు అత్తా!”

“చాలకపోతే మేం తోస్తాంలే, పోనీయ్!”

ఇన్నయ్య ఉక్రోషంతో బస్సును ఉరికించాడు. పెళ్లివారి సంబరం తీరకముందే, ఊరు కనబడుతుండగా బస్సు దగ్గి దగ్గి ఆగిపోయింది. ఇన్నయ్య వెనక్కి తిరిగి నాగేంద్రమ్మ వంక చూశాడు. ఆమె కొంగు బిగించి దిగింది. అందరూ తోశారు. పట్టుబట్టల పెళ్లికొడుకూ తోశాడు.

ఎదురొచ్చిన ఆడపెళ్లివారిలో పెళ్లికూతురి నాయనమ్మ, దుమ్ము కొట్టుకుపోయిన అతణ్ణి చూసి, “పిల్లోడు చానా కష్టపడేవోడే!” అని మురిసిపోయింది. ముహూర్తం తప్పలేదు.

మర్నాడు బస్సుకు ఎడ్లు కట్టి నరసరావుపేటకు లాక్కొచ్చారు. దారి పొడుగునా ఇన్నయ్య స్టీరింగు వదల్లేదు. యజమాని మండిపడితే, “తిరుగుదారిలో ఒక్క చుక్క కాల్లేదు, చూసుకోండి” అన్నాడు తృప్తిగా.