లిజన్ మాస్టారు

స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్లో ఆయన్ని అందరూ లిజన్ మాస్టారనేవాళ్లు. 'లిజన్, లిజన్' అని బల్ల బాదనిదే పాఠం మొదలెట్టడు. తీరా చూస్తే ఆయనకే రెండు చెవులూ పనిచెయ్యవు. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టేస్తాడు. ఏడేళ్లుగా ఓనరు కళ్లుగప్పి అలాగే నెట్టుకొచ్చాడు. ఎంతమంది చేరారన్నది తప్ప ఓనరుకి ఇంకేదీ పట్టదు కనక అదేమంత కష్టం కాలేదు.

క్లాసులో అందరికీ సంగతి తెలుసు. ఎవరైనా సరే లేచి నిలబడి, మాస్టారు తమవైపు చూశాకే నోరు తెరుస్తారు.

ఆ రోజు మెట్ల దగ్గర రంగులేస్తున్నారు. వాసన పడక ఓనరు ముక్కూ నోరూ కలిపి రుమాలు కట్టుకుని, తనిఖీ అంటూ వచ్చి వెనక బెంచీలో కూలబడ్డాడు. మాస్టారు అటోసారి చూసి, బల్ల బాది పాఠం మొదలెట్టాడు. ఆ మూతిగుడ్డ వెనక నుంచి ఏమడిగినా గోడ మాట్లాడినట్టే. దొరికిపోతే ఉద్యోగం ఊడినట్టే.

"'హియర్' అంటే మాట దానంతటది వచ్చి చెవిలో పడ్డం. 'లిజన్' అంటే మనం కావాలని చెవి పెట్టడం. ఈ 'లిజన్' మహా పిరికిది, 'టు' చెయ్యి పట్టుకోనిదే ఎవరి దగ్గరికీ వెళ్లదు. లిజన్ టు మీ. 'హియర్'కి ఆ బెంగ లేదు. హియర్ మీ, అంతే. 'ఐ యామ్ లిజనింగ్' అనండి, తప్పులేదు. 'ఐ యామ్ హియరింగ్' అన్నారో, వీపు విమానం మోతే!"

రుమాలు కదిలింది, ఓనరు ఏదో అడుగుతున్నాడు.

క్లాసుకొచ్చే బస్సు కండక్టరొకడు గబుక్కున లేచాడు. "నాకూ అదే డౌటు సార్! రేడియోకి ఏది వాడాలి?"

ఓనరు అతణ్ని చేత్తో కూర్చోబెట్టాడు. రుమాలు మళ్లీ కదిలింది. కండక్టరు మళ్లీ లేవబోయాడు.

"కూర్చో నాయనా, ఎంతకని నన్ను కాస్తావు?" అంటూ మాస్టారు చాక్‌పీసు పక్కన పెట్టి వెనక బెంచీ దాకా నడిచాడు. "అయ్యా, నాకు చెవులు పోయి ఏడేళ్లయింది. ఆ గుడ్డ తీసి అడగండి."

ఓనరు రుమాలు కిందికి లాగాడు. "ఏడేళ్లా! మరి మీటింగుల్లో నేను చెప్పిందంతా?"

"మీరు ఫోన్లోకి తల దూర్చి మాట్లాడతారు కదండీ. ఒక్క ముక్కా అందలేదు. తలూపానంతే."

క్లాసు గొల్లుమంది. ఓనరు మొహం కాసేపు కందగడ్డలా ఉండి, మెల్లగా చల్లబడింది.

"చెవులున్న మిగతా మాస్టర్లు మాత్రం విని ఏం ఉద్ధరించారులే. రేపట్నుంచి..." అని ఆగాడు. మాస్టారు ఆ పెదాలకేసే చూస్తున్నాడు. "...మీటింగులో నాకెదురుగా కూర్చోండి. మీ మొహం చూసే మాట్లాడతాను."

"అంతకంటే ఉద్యోగం పీకేసినా బాగుండేది," అని కండక్టరు పక్కవాడితో గొణిగాడు. ఆ గొణుగుడు మాస్టారు చక్కగా చదివేసి, నవ్వు దాచుకోవడానికి బోర్డు వైపు తిరిగాడు.