పులస మీద నా వ్యాసం

ధవళేశ్వరం బడిలో పంతులుగా ఉంటూ నాలుగు వరదకాలాలు జాలరి పోలయ్య పడవలో తిరిగాను. చేప ఏ నీటికి ఎదురెక్కుతుందో, గుడ్లతో ఎప్పుడు దొరుకుతుందో అతను చూపించగా, సముద్రపు ఇలస చేపే గోదావరిలోకొచ్చి పులస అవుతుందని ఇంగ్లీషులో వ్యాసం రాశాను. భాష సరిచూడమని కాలవల ఇంజినీరు దొరగారికిచ్చాను.

ఈ రోజు టపాలో మద్రాసు పత్రిక వచ్చింది. వ్యాసం నాదే, కింద పేరు దొరగారిది. ‘ఒక స్థానిక ఉపాధ్యాయుడు సాయపడెను’ అన్న ముక్కతో నా పని సరి. అన్నం సయించలేదు.

సాయంత్రం రేవుకెళ్లి పోలయ్య దగ్గర దొరగారిని తిట్టిపోశాను. అతను వల బాగుచేసుకుంటూ అంతా విన్నాడు.

“అన్యాయమేనండి పంతులుగారూ. మరి మీరు రాసినప్పుడు నా పేరు ఎక్కడేశారండి?”

ఇంటికొచ్చి నా చిత్తుప్రతి ఆసాంతం వెతికాను. రెండు చోట్ల ‘ఒక జాలరి’ అని ఉంది.

దొరగారిని నిలదీస్తూ ఉత్తరం మొదలుపెట్టి, మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. రేపు రేవుకు ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.