గుర్రం గడిలో బంటు

కుదురుగా ఒకచోట కూర్చునే గుణం నాకు ఎప్పుడూ లేదు. ఆ ఏడాది మరీ లేదు. పర్చూరులో నేను నడిపే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఎనిమిది మిషన్లుంటే ముగ్గురే పిల్లలు వచ్చేవాళ్లు. మిగతావాళ్లంతా కంప్యూటర్లు నేర్చుకోవడానికి చీరాల బస్సెక్కేస్తున్నారు. ఇన్నేళ్లుగా ఊరంతటి చేతా 'మేష్టారూ' అనిపించుకున్నవాణ్ణి, ఇక ఎందుకూ కొరగాకుండా పోతానేమోనని లోపల ఒకటే దడ. ఏదో ఒకదాంట్లో నా పేరు అచ్చులో కనబడాలి. ఎందుకంటే ఏం చెప్పను? పిచ్చి.

మద్రాసు నుంచి పోస్టులో నాకో ఇంగ్లీషు చదరంగం పత్రిక వచ్చేది. అందులో నెలనెలా ఒక వింత లెక్క వేసేవాళ్లు. మామూలు ఆటలో ఒకడు గెలవాలని చూస్తే రెండోవాడు అడ్డుపడతాడు. ఈ లెక్కలో అడ్డుపడటమనేదే లేదు. ముందు ఎత్తు నల్లవాళ్లది. తమ రాజును కట్టెయ్యడానికి తెల్లవాళ్లకు తామే దారి చూపించాలి. ఇద్దరూ కూడబలుక్కుని, సరిగ్గా మూడేసి ఎత్తుల్లో, నల్ల రాజుకు ఆట కట్టించాలి. సరైన జవాబు అందరికన్నా ముందు పంపినవాళ్ల పేరు పత్రికలో వేస్తారు.

ఇలాంటి లెక్క ఒంటరిగా కూర్చుంటే తేలదు. నాకు తోడు పదో తరగతి దాకా నాతో చదివిన నేస్తం. వాడిది బస్టాండు వెనక పరుపుల కొట్టు. వాడి ఆట నాయనమ్మ దగ్గర నేర్చుకున్న ఇంటి ఆట. ఆ ఆటలో బంటు అవతలి అంచుకు చేరితే, ఏ బలం గడిలో చేరిందో ఆ బలమే అవుతుంది. ఏనుగు గడిలో చేరితే ఏనుగు, గుర్రం గడిలో చేరితే గుర్రం. నేను పుస్తకం చూసి నేర్చుకున్నవాణ్ణి. పుస్తకం ప్రకారం ఏ బలమైనా కోరుకోవచ్చు. కానీ మంత్రిని వదులుకుని గుర్రాన్ని కోరుకునే వెర్రివాడెవడు? అందుకే బంటు చేరిందంటే కళ్లు మూసుకుని మంత్రిని పెట్టేసేవాణ్ణి.

అవి పెళ్లిళ్ల రోజులు. వాడికి పనితో ఊపిరాడటం లేదు. అయినా మధ్యాహ్నం కాగానే బోర్డు చంకన పెట్టుకుని కొట్లో దిగబడేవాణ్ణి. మెత్తటి పరుపు మీద బోర్డు పెడితే పావులు ఒరిగిపోయేవి. నాకు ఒళ్లు మండిపోయేది.

"ఒరేయ్, ఎందుకురా అంత కంగారు? ఎవరన్నా తరుముతున్నారా?" అనేవాడు వాడు, రెప్పల మీది దూది తుడుచుకుంటూ.

"నీకేం తెలుసు? పత్రికొచ్చి పది రోజులైంది. ఈపాటికి ఎవడో పంపేసే ఉంటాడు."

"పంపితే పంపనీరా. నల్లవి నేను జరుపుతాలే, రా."

పదకొండో రోజు వాడు విసుగొచ్చి నల్ల రాజును ఎందుకూ పనికిరాని అంచు గడిలోకి నడిపాడు. నేను తెల్ల బంటును చివరి గడిలోకి తోసి మంత్రి కోసం చెయ్యి చాపాను. వాడు నా చేతిలో గుర్రం పెట్టాడు.

"గుర్రం గడిలో పడిందిగా. గుర్రం పెట్టు."

పదకొండు రోజుల చిరాకంతా ఒక్కసారి పైకొచ్చింది. "మీ నాయనమ్మ ఆట కాదురా ఇది! ఎన్నిసార్లు చెప్పాలి? పరుపులు కుట్టుకునేవాడి బుర్రకు ఇవెక్కుతాయా!" అని అరిచాను. పరుపు బేరం చేస్తున్న తల్లీకూతుళ్లు కిసుక్కున నవ్వారు. వాడు గుర్రాన్ని పెట్టెలో పడేశాడు.

"సర్లే, నువ్వే చూసుకో," అని దూది ఏకే మిషను వేసుకున్నాడు. ఇక ఆ చప్పుడులో మాటలు వినబడవు.

అక్కణ్ణుంచే టైపు రిబ్బన్ల కోసం చీరాల బస్సెక్కాను. దారంతా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసున్నాయి. ఘాటుకి బస్సులో అందరూ దగ్గుతున్నారు. నేను ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని ఆ ఎత్తులే మళ్లీ మనసులో వేసుకున్నాను. వాడు రాజును నడిపిన గడి మంత్రికి అందదు. గుర్రానికి అందుతుంది! బంటు గుర్రమైతే ఆ క్షణమే రాజుకు షా. రాజు పారిపోవడానికి దారి లేదు, చుట్టూ గడులన్నీ మూసుకుపోయాయి. ఆట కట్టు. మూడే ఎత్తులు.

"అమ్మో!" అని పైకే అనేశాను.

"ఏమైందండీ?" అన్నాడు పక్కాయన.

"ఏం లేదండీ, ఘాటు."

చీరాల బస్టాండులో దిగేసరికి తిరుగు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. "పర్చూరు, పర్చూరు" అని కండక్టరు కేకలేస్తున్నాడు. ఎక్కితే కాసేపట్లో వాడి కొట్టు ముందుంటాను. "నువ్వే కరెక్టురా, నేను గాడిదను" అంటే సరిపోతుంది. మెట్టు మీద కాలు కూడా పెట్టాను. తర్వాత దించేశాను. నేరుగా పోస్టాఫీసుకు నడిచి, కార్డు కొని, జవాబు రాసి, కింద నా పేరు ఒక్కటే రాశాను. వాడి పేరు కూడా రాస్తే పోయేదేముంది? ఏమీ లేదు. కార్డులో చోటు కూడా ఉంది.

ఆ తర్వాత రెండు నెలలు కాలు కాలిన పిల్లిలా తిరిగాను. వాడితో 'లెక్క తేలింది' అన్నానంతే. ఎలా తేలిందో వాడడగలేదు, నేను చెప్పలేదు. పత్రికలో పేరొచ్చింది. సిగ్గు లేకుండా తీసుకెళ్లి వాడికే చూపించాను. నాకంటే వాడే ఎక్కువ సంబరపడ్డాడు. ఆ కాగితం అడిగి తీసుకుని కొట్లో గోడకి అతికించాడు. అప్పణ్ణుంచి తేలు కుట్టిన దొంగలా ఆ సందులోకి వెళ్లడమే మానేశాను.

వానాకాలంలో మా ఆవిడ పోరు పడలేక, ఉండలు కట్టిన పాత పరుపు రిక్షాలో వేసుకుని వెళ్లాను. కొట్లో ఎవరో పెద్దమనిషి గోడ మీది కాగితం చూస్తూ, "ఎవరండీ ఈయన?" అని అడుగుతున్నాడు.

"ఇదిగో, మాటల్లోనే వచ్చాడు. మావాడేనండి. పదకొండు రోజులు కూర్చుని కట్టాడు," అన్నాడు వాడు. మాటలో ఎగతాళి ఉందేమోనని వెతికాను. లేదు. అదే నా ప్రాణం తీసింది.

ఆ కాగితం వైపు చూశాను. నా పేరు కింద జవాబు అచ్చేశారు. చివరి ఎత్తు దగ్గర చిన్న గుర్రం బొమ్మ ఉంది. దాని చుట్టూ, వాడు గుడ్డ మీద గీతలు గీసే నీలం పెన్సిలుతో, గుండ్రంగా సున్నా చుట్టి ఉంది. ఇంగ్లీషు రాకపోతేనేం, బొమ్మ తెలుస్తుందిగా. వాడికి మొదటినుంచీ తెలుసు.

పెద్దమనిషి "శభాషండీ" అంటూ చెయ్యి చాపాడు. ఇచ్చాను. వాడు నా మొహంలోకే చూస్తున్నాడు. కోపంగా కాదు, నేనేదో అంటానని ఆగినట్టు చూస్తున్నాడు. ఇప్పుడన్నా చెప్పరా వెధవా అని నన్ను నేనే తిట్టుకుని నోరు తెరిచాను.

"పరుపు ఎప్పటికిస్తావు?" అన్నాను.

"బుధవారం రా," అన్నాడు వాడు.