మైకు మామ అక్కను ఒప్పించిన వైనం

ఊరంతటికీ ఆయన మైకు మామే. ముప్పై ఏళ్ళుగా బండికి రెండు లౌడ్‌స్పీకర్లు కట్టి, డ్రైవరు పక్కన కూర్చుని, వీధి వీధీ తిరిగి జనాన్ని ఒప్పిస్తూ వచ్చాడు. పళ్ళపొడి కొనమని ఒప్పించాడు, సబ్బు మార్చమని ఒప్పించాడు. ఎన్నికలొస్తే పొద్దున ఒక పార్టీకి, మధ్యాహ్నం దాని ఎదుటి పార్టీకి ఓటెయ్యమన్నాడు. మధ్యలో జెండా మార్చేవాడు గానీ గొంతు మార్చేవాడు కాదు. ఇదేం చోద్యమయ్యా అని ఎవరైనా అడిగితే, "నా గొంతుకు ఓటు లేదండీ" అనేవాడు.

ఆయన విద్యంతా గిల్లి జోలపాడటమే. "అమ్మలారా! మీ పంట్లో పురుగు చడీచప్పుడు లేకుండా తవ్వుకుపోతోంది!" అని గొంతు బొంగురు చేసేవాడు. విన్నవాళ్ళ నాలుక తిన్నగా పంటి మీదికి పోయేది. వెంటనే గొంతులో తేనె పోసుకుని, "ముత్యాల్లాంటి పలువరస మీదేనమ్మా!" అనేవాడు. ఆ చెప్పేవాడికే ముందు పళ్ళు రెండు లేవు. మైకులో అవి కనపడవు కదా!

అంతటివాడికి ఇంట్లో చుక్కెదురైంది. తల్లి పోయాక తనను చంకనెత్తుకుని పెంచిన అక్కకు కళ్ళలో పొరలు ముదిరాయి. ఉప్పనుకుని చక్కెర వేస్తోంది, గుమ్మమనుకుని గోడకు కొట్టుకుంటోంది. ఆపరేషన్ ఆలస్యం చేస్తే ఉన్న కాస్త చూపూ పోతుందని డాక్టరమ్మ చెప్పింది. కంటి మీద కత్తి పడనివ్వనని అక్క భీష్మించుకు కూర్చుంది.

మైకు మామ గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, ఒక్కసారి ఆలోచించు. చీకటి! ఎటు చూసినా చీకటి! నీళ్ళ గ్లాసు కోసం తడుముకోవాలి, మెట్టు కోసం తడుముకోవాలి..."

అక్క చేతులతో తడుముతూ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఉంది.

"బాగానే గిల్లావు. ఇక జోలపాడు," అంది.

"అది కాదక్కా, రేపు నీ కళ్ళు చుక్కల్లా మెరుస్తుంటే..."

"ఆ చుక్కలు పోయినేడు కాటుక డబ్బాకి చెప్పావు. ఒరేయ్, బూచాడొస్తాడని ఒక ముద్ద, మా బంగారుకొండ తినేశాడమ్మా అని ఇంకో ముద్ద నీకు పెట్టిందెవర్రా? తాతకు దగ్గులు నేర్పుతావా?"

మైకు మామకు రోషం వచ్చింది. ఇన్నేళ్ళూ తన సొంత తెలివి అనుకున్నది అక్క చేతి ముద్దల్లోంచి వచ్చిందన్నమాట! లేచి వెళ్ళిపోదామనుకున్నాడు. వెళ్ళలేక అక్కడే చతికిలబడ్డాడు.

"నాకు భయమేస్తోందక్కా," అన్నాడు. ఆ గొంతు పక్క గదికి కూడా వినపడదు. "నిన్న నీ ఎదురుగానే నిలబడ్డాను. 'ఎవరదీ' అన్నావు."

అక్క చేతులు ఆగిపోయాయి.

"నిన్నా?"

"నిన్నే. పలకలేక బయటికెళ్ళిపోయాను."

తమ్ముణ్ణి తను పోల్చుకోలేదంటే ఆమెకు నిజంగానే కష్టమనిపించింది.

"మైకులో ఏనాడూ ఇలా మాట్లాడలేదేంరా?"

"ఇలా మాట్లాడితే ఎవరు కొంటారక్కా?"

అక్క ఫక్కున నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "డాక్టరమ్మ ఎప్పుడు రమ్మంది?" అని అడిగింది.

ఆపరేషన్ రోజు అక్క ఆకుపచ్చ గౌను వేసుకుని చక్రాల కుర్చీలో నిమ్మళంగా కూర్చుంది. తమ్ముడే కుర్చీ పట్టుకుని వదలడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఊరిని అదరగొట్టిన మనిషి, థియేటరు తలుపు దగ్గర వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. నర్సు బతిమాలింది, కసిరింది. లాభం లేకపోయింది.

అక్క చెయ్యి చాచి, తడిమి, తమ్ముడి గడ్డం పట్టుకుంది.

"ఏడిస్తే బూచాడొస్తాడు," అంది. వెంటనే గొంతు మార్చి, "మా బంగారుకొండ వదిలేశాడమ్మా!" అంది.

మైకు మామ టక్కున ఏడుపాపి కుర్చీ వదిలేశాడు.