చార్టు మీది పసివాడు

ఎనభైల మొదట్లో ఆళ్లగడ్డ దగ్గర మా ఊళ్లో వయోజన విద్య తరగతులు నడిచేవి. వాటిలో పాఠాలు చెప్పే పని నాది. విరేచనాలైన పిల్లలకు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు పట్టించాలనే పాఠానికి చార్టు తయారుచేశాం. కొలతలు నేను లెక్కగట్టి రాశాను. నంద్యాల నుంచి వచ్చే నర్సమ్మ బొమ్మ వేసింది. తెలిసిన ముఖమైతే మనసుకు పడుతుందని, చదువుకోవడానికి వచ్చే సుబ్బమ్మ కొడుకు పోలికలతో జబ్బుపడిన పిల్లవాణ్ణి గీయించాను.

గోడకు తగిలించగానే ఆడవాళ్లు నవ్వారు. "సుబ్బమ్మా, ఈడుండేది నీ కొడుకే గదమే!"

సుబ్బమ్మ నవ్వలేదు. "రాయి మాదిరుండే బిడ్డను రోగిష్టోణ్ణి చేస్తిరి గదప్పా! ఇట్ల గీస్తే అట్లే అయితాడు!" అని చార్టు చించేసి వెళ్లిపోయింది.

పిల్లవాడికేమీ కాలేదు. నేనూ నర్సమ్మా ఇంటికి వెళ్లి బతిమాలినా సుబ్బమ్మ మళ్లీ తరగతికి రాలేదు. ముందే ఒక్క మాట అడిగి ఉండాల్సింది. తర్వాత ఒకసారి చౌకధరల దుకాణంలో ఆమె వేలిముద్ర వేస్తుంటే చూశాను. తరగతి మానేసేనాటికి, సంతకం చేయడానికి తన పేరులో చివరి అక్షరం ఒక్కటే ఆమె నేర్చుకోవలసి ఉండింది.